ఐఆర్‌లో ఎంఏ కోసం అప్పు చేసి అమెరికా వెళ్లొచ్చా?

గుంటూరు_పాఠకురాలు:
మా తమ్ముడికి వాషింగ్టన్‌లో ఇంటర్నేషనల్ రిలేషన్స్ (ఐఆర్, అంటే దేశాల మధ్య సంబంధాల చదువు) ఎంఏ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ లేదు. నాన్న పొలం తాకట్టు పెడదామంటున్నారు. ఐక్యరాజ్యసమితిలోనో, పెద్ద థింక్‌ట్యాంక్‌లోనో (ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే సంస్థ) ఉద్యోగం ఖాయమని వాడి నమ్మకం. ఢిల్లీలోని ప్రభుత్వ వర్సిటీ జేఎన్‌యూలో చదవమని నేను అంటున్నాను. ఇంట్లో రోజూ ఇదే గొడవ. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రవాస_మిత్రుడు:
వెళ్లనివ్వండి అక్కా. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ రెండూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. పాఠాలు చెప్పేవాళ్లలో మాజీ రాయబారులు ఉంటారు. ఈ రంగంలో పరిచయాలే సగం బలం. ఢిల్లీలో ఉండి అవి సంపాదించడం కష్టం.

ఢిల్లీ_తెలుగు:
పరిచయాల మాట నిజమే, కానీ వీసా సంగతి కూడా చెప్పాలి కదా. కంప్యూటర్స్‌లో ఎంఎస్ చేసినవాళ్లకు ఓపీటీ (చదువయ్యాక అక్కడే పని చేసుకునే అనుమతి) ఏడాది, దానిపై స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సులు) పొడిగింపు 24 నెలలు. ఐఆర్ సాధారణంగా స్టెమ్ కిందికి రాదు కాబట్టి 12 నెలలే. ఆలోపు వీసా ఇప్పించే కంపెనీ దొరకాలి. అమెరికా విదేశాంగ శాఖలో దౌత్యాధికారి కావాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాలి. పైగా 2025లో విదేశాలకు సాయం అందించే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేశాక, దాని నిధులతో నడిచిన సంస్థల నుంచి ఎంతోమంది అనుభవజ్ఞులు రోడ్డున పడ్డారు. మీ తమ్ముడు వాళ్లతో పోటీ పడాలి. పొలం పెట్టి ఆ పని చేయొద్దమ్మా, దయచేసి.

ఐక్యరాజ్యసమితి యువ నిపుణుల పరీక్షకు డిగ్రీ చాలు. వయసు 32 దాటకూడదు, ఆ ఏడాది అర్హత ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉండాలి. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వరు. న్యూయార్క్‌లో అద్దె, తిండి మీరే పెట్టుకోవాలి.

మన విదేశాంగ సర్వీసు ఐఎఫ్ఎస్‌కూ ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. జైశంకర్ గారు జేఎన్‌యూలో ఐఆర్‌లో పీహెచ్‌డీ చేశారు, అయినా 1977లో సర్వీసులో చేరింది సివిల్స్ రాసే. ఎంఏ చదివితే సివిల్స్‌లో 500 మార్కుల ఆప్షనల్‌కు పనికొస్తుంది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పరిశోధన చేస్తూ నెలకు 37,000 రూపాయలు అందుతాయి. ఢిల్లీ థింక్‌ట్యాంకుల్లో చిన్న పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. ఇవన్నీ ఇక్కడి ఫీజుతోనే అందుకోవచ్చు.

ప్రవాస_మిత్రుడు:
ప్రపంచ బ్యాంకుకు ఓపీటీతో పని లేదు, వాళ్ల ఉద్యోగులకు జీ-4 వీసా (అంతర్జాతీయ సంస్థల సిబ్బందికి ఇచ్చేది) వస్తుంది. అది మీరు చెప్పలేదు.

ఢిల్లీ_తెలుగు:
ఇస్తారు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఎకనామిక్స్, అనుభవం చూస్తారు. ఉత్త ఐఆర్ ఎంఏతో కష్టం.

భీమవరం_ఆక్వా:
ఐఆర్ అనగానే అందరూ రాయబార కార్యాలయం దగ్గరే ఆగిపోతున్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసినప్పుడు మా రొయ్యల రైతులు పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది) దానికి అదనం. ఎందుకు వేశారో, ఎక్కడ అర్జీ పెట్టాలో, వేరే ఏ దేశానికి పంపొచ్చో విడమరిచి చెప్పేవాళ్లు మా వైపు లేరు. ఐఆర్ చదివి, ఢిల్లీ ఐఐఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం నేర్పే కేంద్ర సంస్థ)లోని డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) అధ్యయన కేంద్రం లాంటి చోట వాణిజ్య నిబంధనలు నేర్చుకున్నవాళ్లు మాకు కావాలి. ఐఐఎఫ్‌టీ 2022లో కాకినాడకు కూడా వచ్చింది.

ప్రవాస_మిత్రుడు:
దానికి ఎంబీఏ చాలదా అన్నా?

భీమవరం_ఆక్వా:
చాలదు తమ్ముడూ. ఆ 50లో సగం, మనం రష్యా చమురు కొంటున్నామని వేసిన సుంకం. అలాంటి సుంకం ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో మా ఎకౌంట్స్ పుస్తకాల్లో దొరకదు. అక్కడ జరిగే రాజకీయం చదవడం రావాలి.

గుంటూరు_పాఠకురాలు:
అందరికీ థాంక్స్. ఓపీటీ విషయం వాడికి తెలియదట. అమెరికా మాట ఇంకా వదల్లేదు గానీ, సీటు ఏడాది వాయిదా వేయమని యూనివర్సిటీకి రాస్తానన్నాడు. ఈలోపు ఇక్కడి వర్సిటీల్లో పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తాడు. హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఏదైనా భాష నేర్చుకుంటానంటున్నాడు. చైనీసా, అరబిక్కా?

ఢిల్లీ_తెలుగు:
పరిశోధన వైపు వెళ్తే చైనీస్. చైనా పత్రాలు నేరుగా చదివేవాళ్లు మన దగ్గర తక్కువ. ఉద్యోగం త్వరగా కావాలంటే అరబిక్. నిజామాబాద్, కరీంనగర్, కడప నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు ఒప్పంద పత్రం చదివి చెప్పే మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఏదైనా సరే, ఎంఏ మొదలవక ముందే చేరమనండి.