హైస్కూల్ సాయంత్రం ఐదింటిదాకా పెడితే పిలకాయలకు మేలా?

వింజమూరు నాన్న:
మా పాప తొమ్మిదో తరగతి. మా ఊరి నుంచి హైస్కూల్ ఆరు కిలోమీటర్లు. పొద్దున పల్లెవెలుగు బస్సులో పోతుంది, సాయంత్రం నాలుగున్నర బస్సుకు తిరిగొస్తుంది. అది తప్పితే మా దోవలో వచ్చే బస్సు ఏడింటికే.

మొన్న బడి విద్యా కమిటీ మీటింగులో ఒక పెద్దాయన లేచి, మన బడి కూడా ఐదింటిదాకా పెట్టమని అడుగుదాం అన్నాడు. ప్రైవేటు వాళ్ళు చీకటి పడేదాకా చదివిస్తున్నారు, మన పిలకాయలు నాలుగింటికే వచ్చి ఫోన్లు పట్టుకుంటున్నారు అని ఆయన బాధ. చాలామంది చేతులెత్తారు. నేను ఎత్తలేదు. 2024 నవంబర్ 25 నుంచి 30 దాకా మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని హైస్కూళ్ళను తొమ్మిది నుంచి ఐదు వరకు నడిపి చూశారు, గుర్తుండే ఉంటుంది. ఉపాధ్యాయ సంఘాలు వద్దన్నాయి. అప్పట్లో నేను విన్న వాదన ఎక్కువగా టీచర్ల పని గంటల గురించే. పిలకాయలు ఇంటికి ఎట్టా చేరతారని మా ఊళ్ళో అడిగినవాళ్ళు నాకు కనపడలేదు.

నవంబర్, డిసెంబర్‌లో మన వైపు ఐదున్నర దాటితే పొద్దు గుంకుతుంది. మనకు వానలు, తుపాన్లు కూడా ఆ నెలల్లోనే. ఐదింటికి బడి వదిలితే మా పాప ఏడింటి బస్సుదాకా చీకట్లో రోడ్డు పక్కన నిలబడాలి, లేదంటే ముక్కూ మొహం తెలియని ఆటో ఎక్కాలి. ఇట్టా రెండు నెలలు గడిస్తే మా ఇంట్లో పెద్దవాళ్ళు చదువు మానిపించమంటారు. అది నాకు బాగా తెలుసు. మీరేమంటారు?

కావలి అమ్మ:
అన్నా, మీ భయం అర్థమైంది. అయినా నేను పెంచాలనే అంటాను.

నేను రొయ్యల ప్లాంట్‌లో పనికి పోతాను. ఇల్లు చేరేసరికి ఆరున్నర. మా ఆయన బయట ఊళ్ళలో పనిచేస్తాడు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. నాలుగింటి నుంచి ఆరున్నరదాకా వాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. కాలువలో ఈతకు దిగాడేమో, ఎవరి బండి ఎక్కాడేమో అని రోజూ టెన్షనే. పనిలో ఫోన్ చూడనివ్వరు. ట్యూషన్‌కి పంపుదామంటే నెలకు 800 అన్నారు, ఇద్దరు పిల్లలకు ఎక్కడి నుంచి తెచ్చేది? బడిలో ఇంకో గంట ఉంటే కనీసం ఆ గంట నా గుండె కుదురుగా ఉంటుంది. చదువు వస్తుందా రాదా అన్నది నాకు ఆ తర్వాత సంగతి.

ఆత్మకూరు వైపు టీచరు:
పద్దెనిమిదేళ్ళుగా జిల్లా పరిషత్ బడుల్లో లెక్కలు చెబుతున్నాను. తొందరగా ఇంటికి పోవాలని ఈ మాట అంటున్నానని అనుకోవద్దు. పదో తరగతి స్పెషల్ క్లాసుల కోసం ఇప్పటికే నేను ఐదున్నరదాకా బడిలోనే ఉంటున్నాను.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగున్నర గంటలు. మన హైస్కూళ్ళలో ఎనిమిది పీరియడ్లు. ఒక్కొక్కటి 40 నిమిషాలు అనుకున్నా ఐదు గంటలు దాటుతుంది. కాగితం మీద మనకు గంటలు తక్కువేం లేవు.

ఆ గంటలు ఎక్కడ పోతున్నాయో చెబుతాను. మొదటి పీరియడ్‌లో సగం హాజరు, ఆన్‌లైన్‌లో ఎక్కించే లెక్కలకే సరి. నెట్ అందకపోతే మిగతా సగం కూడా. సైన్స్ టీచరు ట్రైనింగ్‌కి పోతే ఆ వారమంతా ఆ క్లాసులో ఎవరో ఒకరు కూర్చుంటారు, పాఠం మాత్రం జరగదు. చివరి రెండు పీరియడ్లలో పిలకాయల కళ్ళు చూస్తే చాలు. పన్నెండున్నరకు తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. రాగిజావ పొద్దున ఇస్తున్నాం, సాయంత్రానికి ఏమీ లేదు. ఆ ఆకలి మీద ఇంకో గంట పెడితే నేను బోర్డు మీద రాస్తాను, వాళ్ళు దించుకుంటారు. అంతకుమించి ఏం జరగదు.

ఇంకొకటి, ఇది లోపలివాళ్ళకే తెలిసేది. పెంచిన గంట ఎవరికి పోతుంది? పదో తరగతికి. పాస్ శాతం మీదే అందరి కళ్ళు కాబట్టి. నా ఎనిమిదో తరగతిలో తీసివేత సరిగ్గా రాని పిల్లలు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళకు కావలసింది ఇప్పుడున్న గంటల్లోనే పది మందికి ఒక మనిషి పక్కన కూర్చుని నేర్పడం. గంట పెంచినా వాళ్ళు వెనక బెంచీలోనే ఉంటారు, ఇంకో గంట ఎక్కువసేపు.

టంగుటూరు:
సార్, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ నాలుగింటికి బడి వదిలితే పిల్లవాడు ఇంటికి పోయి ఆడుకుంటాడని అందరం అనుకుంటున్నాం. మా ప్రకాశం జిల్లాలో పొగాకు సీజన్లో నేను నాలుగున్నరకి సంచీ ఇంట్లో పడేసి పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి పోయేవాణ్ణి. పచ్చాకు కర్రలకు కట్టే పని. చేతులు నల్లగా జిగురు పట్టి, రాత్రి అన్నం తింటుంటే చేదు తగిలేది. ఏడో తరగతి నుంచి పదో తరగతిదాకా నా సాయంత్రాలన్నీ అక్కడే. బడి ఐదింటిదాకా ఉండుంటే, మా నాన్న నన్ను పనికి పిలిచే ఒక గంట తగ్గేది. చదువుకోకపోయినా సరే, బెంచీ మీద తల పెట్టి పడుకున్నా సరే, ఆ గంట నాది అయ్యుండేది. అందుకే నాది పెంచమనే మాట.

ఒంగోలు, ఎమ్మే విద్యార్థిని:
టంగుటూరు అన్న చెప్పినదానికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం 1997లో చట్టం చేసి బడి రోజును పొడిగించింది. అంతకుముందు అక్కడ చాలా బడులు పొద్దున ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒక షిఫ్టు నడిచేవి. అందరినీ రోజంతా కూర్చోబెట్టాలంటే గదులు చాలలేదు. కొత్తవి కట్టుకుంటూ పోవడానికి ఏళ్ళు పట్టింది. తర్వాత పరిశోధకులు చూస్తే మార్కుల్లో పెరుగుదల కొద్దిగానే కనిపించింది. కానీ బడి రోజు పొడుగైన చోట్ల చిన్న వయసులో తల్లులయ్యే అమ్మాయిల సంఖ్య, నేరాల్లో ఇరుక్కునే కుర్రవాళ్ళ సంఖ్య తగ్గాయి.

మార్కుల కోసం అడిగితే ఈ ఉదాహరణ పెద్దగా ఉపయోగపడదు. పిల్లలు భద్రంగా ఉండాలని అడిగితే ఉపయోగపడుతుంది. మనం ఏది అడుగుతున్నామో ముందు మనకు స్పష్టంగా ఉండాలి. రెండూ కలిపి అడిగితే సర్కారు ఇంకో లెక్కల పీరియడ్ ఇచ్చి ఊరుకుంటుంది.

ముత్తుకూరు:
నేను యానాది కాలనీల్లో పిల్లల్ని బడిలో చేర్పించే పని చేస్తాను. మా పిల్లల్లో కొందరు చేపల గుంటల కాపలాకి తల్లిదండ్రులతో పోతారు, నెలల తరబడి కనపడరు. తిరిగొచ్చేసరికి పాఠాలు దాటిపోయి ఉంటాయి. సిగ్గుపడి క్లాసులోకి రారు. గంట పెంచాలా వద్దా అన్న చర్చ బడికి వస్తున్న పిల్లల గురించి. రాని పిల్లలకు ఆ గంట వాడగలరా? సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా, వదిలిపోయిన పాఠాలు మొదటి నుంచి చెప్పే గంట. అట్టాంటిదైతే నేనే పది మందిని వెంటబెట్టుకొస్తాను.

కోవూరు పీఈటీ:
ఇప్పుడున్న ఆటల పీరియడ్లే పరీక్షలు దగ్గరపడితే మిగతా సబ్జెక్టులు తీసేసుకుంటాయి. గంట పెంచేటట్టయితే ఆ గంట గ్రౌండ్‌కి రాసివ్వండి. కబడ్డీ ఉందంటే ఏ పిల్లవాడినీ బడిలో ఉండమని బతిమాలాల్సిన పని లేదు.

కావలి అమ్మ:
టీచరు గారూ, మీరు చెప్పాక మా వాడిని అడిగాను, చివరి పీరియడ్‌లో ఏం చెప్పారురా అని. ఆకలేస్తుంది అమ్మా, ఏం వినపడదు అన్నాడు. ఇన్నాళ్ళూ నేను అడగలేదు. సాయంత్రం ఏదన్నా పెట్టి, ఆటలో, కథల పుస్తకాలో ఇచ్చి ఉంచుకుంటే నాకు చాలు. పాఠమే చెప్పాలని నేను పట్టుబట్టను.

ఆత్మకూరు వైపు టీచరు:
అమ్మా, అట్టాగైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ గంట చూసుకోవడానికి వేరే మనిషిని ఇవ్వాలి. మా ఊళ్ళలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళకు నెలకింత ఇచ్చి పెట్టొచ్చు. పొద్దున తొమ్మిది నుంచి అరిచిన గొంతుతో నేను ఐదింటికి కథ చెప్పలేను, చెప్పినా పిల్లలకు రుచించదు. ఉండాలనుకున్నవాళ్ళే ఉండాలి. దూరం ఊళ్ళవాళ్ళను నాలుగింటికే వదిలేయాలి.

వింజమూరు నాన్న:
టీచరు గారి ఆఖరి మాట దగ్గర నాకు చిక్కుంది. దూరం పిల్లల్ని నాలుగింటికే వదిలేస్తే ఆ తిండి, ఆ ఆట, ఆ పుస్తకాలు బడి పక్కన ఇల్లున్నవాళ్ళకే దక్కుతాయి. మా పాపకు కథల పుస్తకాలంటే ప్రాణం. అందరూ కూర్చుని చదువుకుంటుంటే తను బస్సు కోసం పరిగెత్తాలా? పదిహేనేళ్ళ పిల్లకు అది ఎట్టా ఉంటుందో ఆలోచించండి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగులో టికెట్ లేదు. మంచిదే, నెలకు కొంత మిగులుతోంది. టికెట్ లేకపోయినా బస్సు రావాలి కదా. ఏడింటి బస్సును ఐదుంబావుకు జరిపితే మా దోవలోని పిలకాయలందరూ ఒకే బస్సులో వెలుతురు ఉండగానే ఇళ్ళు చేరతారు. ఏడింటికి అది దాదాపు ఖాళీగానే వస్తుంది, నేను చాలాసార్లు ఎక్కాను.

కమిటీలో మళ్ళీ చేతులెత్తమంటే నేను ఎత్తుతాను, బస్సు సంగతి తేలాకే. వచ్చే సోమవారం డిపోకి అర్జీ తీసుకుపోతున్నాను. హెడ్ మాస్టరు గారు సంతకం పెడతానన్నారు. మీమీ ఊళ్ళలో సాయంత్రం నాలుగు తర్వాత బస్సులు ఎన్ని గంటలకున్నాయో, ఎంతమంది పిలకాయలు ఎక్కుతారో ఇక్కడ రాయండి, అన్నీ ఒకే కాగితం మీద పెడతాను.

కావలి అమ్మ:
మాది టౌన్ పక్కనే, మాకు బస్సు బాధ లేదు. మా వాడితో పాటు చదివేవాళ్ళలో ఆరుగురు చెన్నాయపాలెం వైపు నుంచి వస్తారంట. వాళ్ళ అమ్మల్ని కనుక్కుని రేపు రాత్రికి రాస్తాను అన్నా.