ఇంట్లో ఫొటో ప్రింటరా, ల్యాబా? ఎవరికి ఏది నప్పుతుంది?

గోదారిగట్టు:
గృహప్రవేశం, పాప ఓణీల ఫంక్షన్ ఫొటోలు కలిపి 400 దాకా ప్రింట్ వేయించాలి. సగం ఫోన్‌వి, సగం కెమెరావి. ఆ తర్వాత నెలకు పది పదిహేను మించవు, అప్పుడప్పుడు పాస్‌పోర్టు సైజువి కూడా కావాలి. ఊళ్లో ల్యాబ్ ఉంది, పక్క వీధిలో స్టూడియో ఉంది. ఆరు రంగుల ఇంకు ట్యాంకు ప్రింటర్ (ఇంక్‌జెట్) కొనమని కొందరు, క్యానన్ సెల్ఫీ (SELPHY) లాంటి చిన్న ఫొటో ప్రింటర్ చాలని కొందరు అంటున్నారు. ఖర్చు కంటే రంగు, మన్నిక ముఖ్యం. వాడేవాళ్లు వివరంగా చెప్పండి.

మినీల్యాబ్_మూర్తి:
400 ఫొటోలు ఒక్కసారే అయితే మరో ఆలోచన లేదండీ, ల్యాబ్‌కే. కానీ "ల్యాబ్" బోర్డు ఉన్నచోటల్లా ఒకే రకం ప్రింటు రాదు. ముందు ఏ మెషీన్ మీద వేస్తున్నారో అడగండి.

పాత పద్ధతిది ఫుజీ ఫ్రాంటియర్, నోరిట్సు లాంటి మినీల్యాబ్. లేజర్ వెలుతురుతో కాగితం మీద బొమ్మ పడుతుంది, తర్వాత ఆ కాగితం రసాయనాల్లోంచి వెళ్తుంది. ఆర్‌ఏ-4 అనే ఈ పద్ధతిలో డెవలపర్‌లో 45 సెకన్లు, బ్లిక్స్‌లో (బ్లీచ్, ఫిక్సర్ కలిపిన ద్రావణం) 45 సెకన్లు, ఆపైన కడుగుడు, ఆరబెట్టడం. బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉండదు, రంగు కాగితం పొరలోనే పుడుతుంది. ముఖాల మీద నీడ నుంచి వెలుగుకి మారే చోట ఆ మెత్తదనం భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. రెండో రకం డ్రై ల్యాబ్, అంటే పెద్ద ఇంక్‌జెట్. మూడోది డై సబ్లిమేషన్, అంటే రిబ్బను మీది రంగును వేడితో కాగితంలోకి ఎక్కించేది, స్టూడియోల్లో "ఇన్‌స్టంట్" అని ఇచ్చేది ఎక్కువగా ఇదే. మూడూ బాగానే ఉంటాయి. పక్క వీధి స్టూడియోవాళ్లు ఇంట్లో వాడే ట్యాంకు ప్రింటర్ మీదే వేసి ల్యాబ్ ప్రింట్ రేటు తీసుకుంటుంటే మాత్రం అక్కడికి వెళ్లి లాభం లేదు.

మినీల్యాబ్ మంచి స్థితిలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఇచ్చి 4×6 వేయించండి. బూడిద రంగు ఆకుపచ్చకో, గులాబీకో తిరిగితే ఆ రోజు మెషీన్ క్యాలిబ్రేషన్ (రంగుల సరిచూపు) చేయలేదన్నమాట. అంచుల్లో తెలుపు కాస్త పసుపుగా కనిపిస్తే రసాయనం పాతబడింది, లేదా కడుగుడు చాలలేదు. అలాంటి ప్రింట్లు ఆల్బమ్‌లో పెట్టాక ఇంకా పసుపెక్కుతాయి. రోజూ నాలుగు పెళ్లి ఆర్డర్లు నడిచే ల్యాబ్‌లో రసాయనం ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి రంగు నిలకడగా ఉంటుంది. పని లేని ల్యాబ్‌లో మెషీన్ ఎంత కొత్తదైనా ఆ భరోసా ఉండదు.

ఇంకుచుక్క:
మూర్తి గారితో ఏకీభవిస్తాను. నెలకు పది పదిహేను అన్నారు కదా, ఇంక్‌జెట్‌కి గండం అక్కడే ఉంది. ఎప్సన్ ఎల్8050 లాంటి ఆరు రంగుల ప్రింటర్ రోజూ వాడేవాళ్ల చేతిలో బంగారం. నెలరోజులు కదపకపోతే ఇంకు చల్లే హెడ్‌లోని నాజిల్స్ (సన్నని రంధ్రాలు) ఎండిపోతాయి, వేసవిలో ఇంకా త్వరగా. కొనేట్టయితే ఇవి పాటించండి.

వారానికి ఒకసారి నాజిల్ చెక్ (పరీక్ష గీతల ప్రింటు) వేయండి. గీతలు ఎక్కడా తెగకపోతే అంతటితో వదిలేయండి. ఊరికే హెడ్ క్లీనింగ్ నొక్కితే ఇంకు వృథా, ఆ పారిన ఇంకంతా లోపలి ప్యాడ్‌కి చేరుతుంది, అది నిండితే ప్రింటర్ ఆగిపోతుంది. గీతలు తెగినట్టు కనిపిస్తే రెండు, మూడు క్లీనింగుల వరకు చేసి, అయినా రాకపోతే 12 గంటలు వదిలేసి మళ్లీ చూడండి. ఎండిన ఇంకు నానడానికి ఆ సమయం కావాలి. "పవర్ క్లీనింగ్" చివరి అస్త్రం. ట్యాంకుల్లో ఇంకు మూడో వంతు కంటే తక్కువ ఉన్నప్పుడు అది చేస్తే గొట్టాల్లోకి గాలి చేరుతుంది.

ఆపేటప్పుడు ప్రింటర్ బటన్‌తోనే ఆపాలి. గోడ స్విచ్ తీసేస్తే హెడ్ తన మూత మీదికి వెళ్లకుండా మధ్యలోనే ఆగుతుంది, తెల్లారేసరికి ఎండిపోతుంది. కరెంటు కోతలున్న ఊళ్లో చిన్న యూపీఎస్ తప్పనిసరి.

పల్నాటి_లెన్స్:
నాలుగు రంగుల ట్యాంకు ప్రింటర్ ఇంట్లో ఉందని దానితోనే ఫొటోలు వేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. చాలా క్యానన్ జీ సిరీస్ మోడళ్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు (సన్నని రంగు పొడి కలిపినది), అది మామూలు కాగితం మీద అక్షరాల కోసం. గ్లాసీ కాగితం ఎంచుకుంటే ఆ నలుపు వాడకుండా మిగతా మూడు రంగులు కలిపి నలుపు చేస్తుంది. అందుకే జుట్టు, నల్ల కోటు గోధుమరంగు తిరిగినట్టు కనిపిస్తాయి. అది రిపేరు కాదు, దాని తీరే అంత. ఆరు రంగులవాటిలో లేత సియాన్ (నీలి), లేత మెజెంటా (ముదురు గులాబీ) ఉండడం వల్ల బుగ్గల మీద, ఆకాశంలో చుక్కలు తేలవు.

కాగితం సంగతి కూడా చూసుకోండి. బజార్లో చౌకగా దొరికే 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) "హై గ్లాసీ" క్యాస్ట్ కోటెడ్ రకం, అంటే మామూలు కాగితం మీద మెరుపు పూత వేసినది. చూడ్డానికి మెరుస్తుంది గానీ వాన తేమకు వంగిపోతుంది, వేళ్ల ముద్రలు పడతాయి. దాచుకునే ఫొటోకి 260 జీఎస్ఎమ్ చుట్టుపక్కల ఆర్‌సీ (ప్లాస్టిక్ పొర ఉన్న) కాగితం తీసుకోండి. ప్రింటర్ సెట్టింగులో ఆ కాగితం రకాన్నే ఎంచుకోండి. గ్లాసీ పెట్టి "ప్లెయిన్ పేపర్" మీద వదిలేస్తే ఇంకు ఎంత చల్లాలో దానికి తెలియదు, ముఖాలు మట్టి రంగులో వస్తాయి. వెనక ట్రేలో పెట్టే ప్రింటర్‌కి మెరిసే వైపు మన వైపు, కింది క్యాసెట్‌లో పెట్టేదానికి మెరిసే వైపు కిందికి. తిరగేసి పెడితే ఇంకు ఆరదు, రోలర్లకు అంటి తర్వాతి పది కాగితాలూ పాడవుతాయి.

గోదారిగట్టు:
ఇది చదివాక ఇంక్‌జెట్ మీద ఆశ వదిలేశాను. మరి సెల్ఫీ సంగతి? అది కూడా వాడకుండా ఉంచితే ఎండిపోతుందా?

చిన్నప్రింట్:
ఎండదండీ, అందులో ద్రవం ఇంకే ఉండదు. డై సబ్లిమేషన్ అంటే రిబ్బను మీదున్న రంగును వేడితో కాగితంలోకి ఎక్కించడం. పసుపు, మెజెంటా, సియాన్, చివరగా పారదర్శకమైన పొర. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ వెళ్తుంది. మధ్యలో చేత్తో పట్టుకుంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. వెనక కూడా కాగితం బయటికి వస్తుంది, కాబట్టి గోడకు ఆనించి పెట్టకూడదు. ఆరు నెలలు బీరువాలో పెట్టి తీసినా మొదటి ప్రింటే బాగా వస్తుంది. నెలకు పదో పదిహేనో అయితే ఇదే సరైనది.

ఖర్చు లెక్క తేలిక. కాగితం, రిబ్బను కలిపే అమ్ముతారు, ప్యాక్ ధరను ప్రింట్ల సంఖ్యతో భాగిస్తే చాలు. ఫొటో నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా అదే ఖర్చు. ల్యాబ్ కంటే ఒక్కో ప్రింటు ఎక్కువే పడుతుంది, కానీ ఎండిన హెడ్ బాగుచేయించే ఖర్చుతో పోలిస్తే తక్కువ.

దీని ఇబ్బందులు: సైజు 100×148 మిల్లీమీటర్లు దాటదు. దుమ్ము పడితే రంగు ఎక్కని తెల్లచుక్కో, నిలువు గీతో వస్తుంది. కాగితం పెట్టేముందు ట్రే తుడవండి, వాడనప్పుడు క్యాసెట్ తీసి కవర్లో ఉంచండి. ఇంకొకటి, వాడేసిన రిబ్బను మీద మీ ఫొటో నెగటివ్‌లా స్పష్టంగా మిగిలిపోతుంది. పాస్‌పోర్టు ఫొటోలు వేస్తే రిబ్బను కత్తిరించి పారేయండి.

మినీల్యాబ్_మూర్తి:
పాస్‌పోర్టు సైజు గురించి కొలతలు సరిచూసుకోండి. మన దగ్గర ఎక్కువగా అడిగే 35×45 మిల్లీమీటర్లవి 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి. అమెరికా వీసాకి 2×2 అంగుళాలు, తెల్లటి వెనకతెర, గడ్డం నుంచి నడినెత్తి దాకా 1 నుంచి 1⅜ అంగుళం, కళ్లద్దాలు ఉండకూడదు. లెక్క ప్రకారం 4×6 మీద అవి ఆరు పట్టాలి, కానీ ల్యాబ్ మెషీన్ అంచు లేకుండా వేయడానికి బొమ్మను కొద్దిగా పెద్దది చేస్తుంది, బయటి గీతలు తెగుతాయి. నాలుగే పెట్టి చుట్టూ తెలుపు వదలండి. సెల్ఫీ కాగితం వెడల్పు 100 మిల్లీమీటర్లే, రెండు వరసలకు 101.6 కావాలి. ఒకే వరసలో రెండు, అంతే. ఇంట్లో వేసేటప్పుడు "ఫిట్ టు పేజ్" తీసేసి 100 శాతం మీద పెట్టి, వచ్చాక స్కేలుతో కొలవండి.

కోఠి_కెమెరా:
మీ 400 ఫొటోలకి అసలు పని ల్యాబ్‌కి వెళ్లకముందే ఉంది. సగం ఫోన్‌వి అన్నారు. పొడవు వెడల్పుల నిష్పత్తి ఫోన్ ఫొటోకి 4:3, 4×6 కాగితానికి 3:2. నింపి వేస్తే అడ్డంగా తీసిన ఫొటోలో పైనా కిందా కలిపి 11 శాతం పోతుంది. గుంపు ఫొటోలో వెనక వరస తలలు, ముందు కూర్చున్నవాళ్ల పాదాలు పోయేది అందుకే. మూడు దారులున్నాయి: ప్రతి ఫొటోని మీరే 3:2కి క్రాప్ చేసి ఇవ్వడం, తెల్ల అంచుతో "ఫుల్ ఇమేజ్" వేయమనడం, లేదా ఫోన్‌వి 6×8లో వేయించడం. 6×8 సరిగ్గా 4:3, ఏదీ తెగదు. కెమెరావి 4×6, 6×9, 8×12, 12×18 అన్నింటికీ సరిపోతాయి.

పిక్సెళ్లు: అంగుళానికి 300 ఉంటే మంచిది, 200 దాకా పర్వాలేదు. 4×6కి 1800×1200 చాలు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటో 4000×3000, అంటే 12×18 వేసినా అంగుళానికి 222 వస్తాయి, గోడకు వేలాడే ఫొటోకి ఎక్కువే. చెడేదల్లా వాట్సాప్‌లో పంపినప్పుడే. మామూలుగా పంపితే పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించేస్తుంది, 8×12లో అది అంగుళానికి 133 మాత్రమే. పైగా కుదింపులో చీర నేత, జుట్టు పాయలు అలికేసినట్టవుతాయి. బంధువుల దగ్గర నుంచి ఫొటోలు తెప్పించుకుంటే "డాక్యుమెంట్"గా పంపమనండి. ల్యాబ్‌కి పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వండి.

ఐఫోన్ ఫైళ్లు హెచ్‌ఈఐసీ అనే ఫైలు రకంలో ఉంటాయి, రంగు పరిధి డిస్‌ప్లే పీ3, మామూలుదాని కంటే పెద్దది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఆ ప్రొఫైల్ పట్టించుకోకపోతే రంగులు వెలిసినట్టు వస్తాయి. అన్నింటినీ మామూలు రంగు పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీలో జేపెగ్‌గా మార్చి ఇవ్వండి.

ఇంకుచుక్క:
పట్టుచీరల ఎరుపు గురించి కూడా చెప్పాలి. ఫోన్లు ఎరుపుని బాగా పెంచుతాయి. స్క్రీన్ మీద మెరిసిపోయే ఆ ఎరుపు కాగితం పట్టలేదు, చీరంతా ఒకే ముద్దలా వచ్చి మడతలు, జరీ కలిసిపోతాయి. ఎరుపు శాచురేషన్ (రంగు గాఢత) మాత్రమే కొద్దిగా తగ్గిస్తే జరీ మళ్లీ తేలుతుంది. మొత్తం ఫొటోది తగ్గించకండి, పసుపు రాసిన ముఖాలు పాలిపోతాయి.

స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించి చూడండి. పూర్తి వెలుతురులో సరిదిద్దిన ఫొటో ప్రింటులో చీకటిగా వస్తుంది. అందరూ ల్యాబ్‌ని తిట్టేది ఎక్కువగా దీనికే.

మినీల్యాబ్_మూర్తి:
నిజం. ఇంకో కారణం ఆటో కరెక్షన్. తెల్ల పంచెలు, తెల్ల గోడలు ఎక్కువున్న ఫొటోని మెషీన్ "మరీ వెలుగు" అనుకుని తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. రాత్రి దీపాల వెలుగులో తీసినదాన్ని పెంచేస్తుంది, నలుపు బూడిదవుతుంది. మీరు సరిదిద్దుకుని ఇస్తే "కరెక్షన్ వద్దు, ఉన్నదున్నట్టు వేయండి" అని ఆర్డర్ మీద రాయించండి. సరిదిద్దకుండా ఇస్తే మాత్రం ఆపరేటర్ చెయ్యి పడాల్సిందే. సగం అలా, సగం ఇలా ఉంటే రెండు ఫోల్డర్లుగా ఇవ్వండి.

400 ఒకేసారి వేయించకండి. ముందు ఐదు వేయించండి: తెల్ల పంచె ఉన్నది, ఎర్ర పట్టుచీర, అరటి ఆకుల పందిరి, రాత్రి ఫొటో, ఒక బ్లాక్ అండ్ వైట్. పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి, ఎల్ఈడీ బల్బు కింద కాదు. బాగుంటే మిగతావి అదే మెషీన్, అదే కాగితం మీద, వీలైతే అదే రోజున.

గోదారిగట్టు:
చాలా స్పష్టంగా చెప్పారు. 400 ల్యాబ్‌కి, తర్వాతవాటికి చిన్న డై సబ్లిమేషన్ ప్రింటర్. చివరిగా మన్నిక గురించి. అమ్మమ్మ వాళ్లింట్లో ఫ్రేము అద్దానికి ఫొటో అతుక్కుపోయింది, అలా కాకుండా ఏం చేయాలి?

పల్నాటి_లెన్స్:
అద్దానికీ ఫొటోకీ మధ్య సందు లేకపోవడమే దానికి కారణం. తేమకు కాగితం పైపొర మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది. ఫ్రేము కట్టేవాళ్లని మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ వేసే మందపాటి అట్ట) వేయమనండి, ఆ మందమే సందు ఇస్తుంది. ఇప్పటికే అతుక్కున్నదాన్ని లాగకండి, రంగు పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా కెమెరాతో ఫొటో తీసుకుని కాపీ చేసుకోవడమే క్షేమం.

ఆల్బమ్‌లో జిగురు గీతల పేజీలు, వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం డై సబ్లిమేషన్ ప్రింట్లలోకి దిగి రంగు లాగేస్తుంది. పాలీప్రొపైలిన్ జేబుల ఆల్బమ్ అడగండి. ఇంక్‌జెట్ ప్రింటుకి ఎండతో పాటు గాలీ శత్రువే, అద్దం లేకుండా గోడకు అంటిస్తే ముందు వెలిసేది అదే. ఒక రోజంతా ఆరాకే ఫ్రేములోకి వెళ్లాలి. వాడని కాగితాలు జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో, పడుకోబెట్టి ఉంచండి.

కోఠి_కెమెరా:
ఫైళ్లు మాత్రం రెండు చోట్ల దాచండి. ల్యాబ్‌కి ఇచ్చిన క్రాప్ చేసిన ఫోల్డర్, అసలు ఫోల్డర్ వేరువేరుగా ఉంచండి. క్రాప్ చేసినదాన్ని అసలు ఫైలు మీదే సేవ్ చేస్తే రేపు 6×8 వేయించాలన్నా తెగిన తలలు తిరిగి రావు.