హెరాల్డ్ కన్వర్టిబుల్ టాప్‌కి బీడింగ్, బటన్లు, క్రోమ్ ముక్కలు ఎక్కడ దొరుకుతాయి?

నెల్లూరు_హెరాల్డ్
మా మేనమామ ట్రయంఫ్ హెరాల్డ్ 1200 చాన్నాళ్లు దర్గామిట్టలో షెడ్డులో పడి ఉండింది. మడిచే టాప్ ఉన్న కారు. ఇంజిన్ పని, పెయింటు అయిపోయాయి. ఇప్పుడు టాప్ దగ్గర ఆగిపోయాను. గుడ్డ కుట్టేవాళ్లు మనకి ఉన్నారు. దొరకనివి చిన్న సామాన్లు: ముందు అద్దం పైఅంచు రబ్బరు, కుట్లు కనపడకుండా వేసే బీడింగ్, దాని కొసలకి వచ్చే క్రోమ్ టోపీలు, వెనక బటన్లు. చెన్నై పుదుపేటలో అడిగితే మద్రాసులో తయారైన దీని ఇండియా రకం, స్టాండర్డ్ హెరాల్డ్ సామాను చూపిస్తున్నారు. అవి పనికొస్తాయా?

ఒంగోలు_పాతబండ్లు
తలుపులు, లైట్లకైతే చూడొచ్చు. టాప్ సామానుకి మాత్రం లాభం లేదు, ఆ బండ్లకి రేకు టాపే కదా. అసలు ముందు మీది పుట్టుకతో కన్వర్టిబులేనా? హెరాల్డ్ బాడీ ముక్కలుగా చేసి ఛాసిస్ మీద బోల్టులతో బిగించినది. పైకప్పు ఊడదీస్తే వచ్చేస్తుంది. అలా కోతకొట్టకుండానే కన్వర్టిబుల్‌గా మార్చేసినవి చాలా ఉన్నాయి. బానెట్ ఎత్తి కమిషన్ నంబరు, అంటే ప్లేటు మీద ఉండే బండి గుర్తింపు నంబరు, చూడండి. చివర సీవీ ఉంటే కన్వర్టిబుల్, డీఎల్ ఉంటే సెలూన్. మార్చిన బండైతే ఫ్రేము యాడ నుంచి తెచ్చారో తెలీదు, కేటలాగు కొలతలు నమ్మి ఆర్డర్ పెట్టొద్దు.

కావలి_సీట్లపని
అన్నా, పాత టాప్ పారేయొద్దు. కుట్లు విప్పి ముక్కలన్నీ నేల మీద పరిచి, ఏది ఎక్కడిదో సుద్దముక్కతో రాసుకోండి. కాకపోతే అదే కొలతకి కోయకూడదు. పాత రెగ్జిన్ కొన్నిచోట్ల కుంచించుకుపోయి, కొన్నిచోట్ల సాగి ఉంటుంది. పాతదాన్ని చూసి కోస్తాం, ఫ్రేము మీద వేసి సరిచేస్తాం.

మీరు చెప్పే బీడింగ్ మధ్యలో చీలి ఉంటుంది. చీలిక తెరిచి లోపల స్టేపుల్ కొడితే రెండు పెదాలూ మూసుకుని పిన్ను కనపడదు. మన షాపుల్లో దొరికే సోఫా పైపింగ్ దాని బదులు రాదు, అందులో పిన్ను దాక్కోదు. పిన్నులు స్టెయిన్‌లెస్‌వే వాడండి. మైపాడు సముద్రపు గాలికి ఇనుప పిన్ను ఒక్క వానాకాలానికే తుప్పు కక్కి గుడ్డ మీద మరక పెడుతుంది. దారం పాలిస్టర్ తీసుకోండి, నూలుదారం తడికి కుళ్లిపోతుంది.

గూడూరు_చిన్నా
బటన్లకి అంత టెన్షన్ ఎందుకు బ్రదర్, వెల్‌క్రో వేసేయండి 😀

ఒంగోలు_పాతబండ్లు
చిన్నా, హైవే మీద ఎనభైలో పోతుంటే ఆ టాప్ నీ వెనక లారీ అద్దం మీద పడుతుంది.

కందుకూరు_జీపు
బటన్లలో రకాలున్నాయి, పాతది ఒకటి చేతిలో పెట్టుకునే వెతకండి. లిఫ్ట్ ద డాట్ రకం అయితే పైబిళ్ల మీద ఒకపక్క చిన్న బొడిపె ఉంటుంది. ఆ పక్క పట్టి ఎత్తితేనే ఊడుతుంది, మిగతా మూడు పక్కల నుంచి లాగినా రాదు. పాత అమెరికన్ మిలిటరీ సంచుల మీద ఉండేది ఇదే. టెనాక్స్ అయితే నడినెత్తిన గుండీ పట్టి పైకి లాగాలి. ఒకదాని కాడకి ఇంకోదాని బిళ్ల పట్టదు, అందుకే కాడ, బిళ్ల జతగా కొనండి. పడవల కాన్వాస్ సామాను అమ్మేవాళ్ల దగ్గర రెండూ దొరుకుతాయి.

రబ్బరుకి నా పద్ధతి ఇది. పాతది ఎండిపోని చోట బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ కోత ముఖానికి స్టాంప్ ఇంకు పూసి కాగితం మీద ముద్ర వేస్తాను. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపితే చాలు. పేరు చెప్పి అడిగితే ఏదో ఒకటి అంటగడతారు. ముద్ర చూపిస్తే ఉందో లేదో తేల్చి చెబుతారు. చెన్నై జనరల్ పాటర్స్ రోడ్డులో ఇలాగే అడగండి.

ఒంగోలు_పాతబండ్లు
క్రోమ్ టోపీల మాట. అయస్కాంతం అంటుకోకుండా, గీస్తే లోపల బూడిదరంగు కనిపిస్తే అది జింకు మిశ్రమం. పసుపు కనిపిస్తే ఇత్తడి, దాన్ని ఏ ప్లేటింగు షాపుకైనా ఇవ్వొచ్చు. జింకుదైతే తొందరపడొద్దు. యాసిడ్ తొట్టిలో పడేస్తే గుంతలు ఇంకా పెద్దవవుతాయి. గుంతలు శుభ్రం చేసి, ముందు రాగి పూత వేసి నున్నగా రుద్ది, ఆ తర్వాతే నికెల్, క్రోమ్ వేయాలి. నా దగ్గరికి ఒక షాపు నుంచి తిరిగొచ్చిన ముక్క చిల్లుల జల్లెడలా ఉంది, షాపు పేరెందుకులెండి. అంత చిన్న టోపీకి కొత్తది తెప్పించుకోవడమే చవక.

కందుకూరు_జీపు
ఇంగ్లండ్ లింకన్‌లో రిమ్మర్ బ్రదర్స్ వాళ్లు ట్రయంఫ్ సామాను అమ్ముతారు. బీడింగ్, టోపీలు, రబ్బరు ఒకే పార్సిల్‌లో తెప్పించండి. విడివిడిగా అయితే ప్రతిసారీ రవాణా ఖర్చు. కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ ముందే లెక్క వేసుకోండి. గుడ్డ మాత్రం అక్కడి నుంచి దండగ, బరువుకే సగం డబ్బులు పోతాయి.

నెల్లూరు_హెరాల్డ్
ప్లేటు చూశాను, చివర సీవీ ఉంది. టోపీలు గీస్తే బూడిదరంగు, కాబట్టి కొత్తవే. బటన్లు లిఫ్ట్ ద డాట్. కావలి అన్నా, ఆదివారం టాప్ తీసుకొస్తాను. డిక్కీలో పట్టేలా మడిచి తేవచ్చా?

కావలి_సీట్లపని
మడవొద్దన్నా. వెనక ప్లాస్టిక్ అద్దం ఎండిపోయి ఉంటుంది, మడత దగ్గర విరుగుతుంది. పీవీసీ పైపుకి వదులుగా చుట్టి తీసుకురండి. ఫ్రేము ఫోటోలు కూడా, టాప్ వేసినట్టు నిలబెట్టి ఒకటి, మడిచి ఒకటి.