మళ్లీ అదే బ్రాండ్ వాషింగ్ మెషీన్ కొనొచ్చా?

ప్రశ్న: మా ఫ్రంట్ లోడ్ 9 ఏళ్లు పనిచేసింది. మోటారు ఇప్పటికీ బంగారమే. కానీ డ్రమ్ము వెనకుండే మూడు కాళ్ల అల్యూమినియం బ్రాకెట్ తుప్పు తినేసి విరిగింది. స్పిన్ మొదలైతే ఇల్లంతా దడదడ! టబ్బు విప్పడానికి రాదట, అతికించేసి ఉంది. మొత్తం మార్చాలన్నారు. మళ్లీ అదే కంపెనీ తీసుకోనా?

జవాబు: మోటారుకి 10 ఏళ్ల వారంటీ అని పెద్ద స్టిక్కర్ అంటిస్తారు. మామూలుగా ముందు పోయేది మోటారు కాదండీ, పంపు, బోర్డు, తలుపు రబ్బరు. వాటికి ఎన్నాళ్లిస్తున్నారో అడగండి.

జవాబు: తప్పంతా కంపెనీదే కాదేమో. పౌడర్ ఎక్కువేసి ఎప్పుడూ చన్నీళ్లతోనే ఉతికితే ఆ మడ్డి బ్రాకెట్ మీదే పేరుకుంటుంది. నెలకోసారి ఖాళీ మెషీన్‌ని 60 డిగ్రీల్లో తిప్పాలి.

అడిగినవారు: చన్నీళ్లే వాడాం, దొరికిపోయాను! సరే, బోల్టులతో విప్పే టబ్బు ఉంటేనే అదే కంపెనీది కొంటాను.