ఫేర్‌వెల్‌లో చదివే సరదా వీలునామా: మీ కాలేజీలో ఎవరికి ఏం రాసిచ్చారు?

ఫైనలియర్_సివిల్

అందరికీ నమస్తే. కాకినాడ దగ్గర ఒక కాలేజీలో సివిల్ ఫైనలియర్ చదువుతున్నాను. వచ్చే నెల మా ఫేర్‌వెల్. మా దగ్గర ఏటా జూనియర్లు సీనియర్లకు టైటిల్స్ ఇస్తారు. పోయినేడు ఒక అక్కకు ఒంటి రంగు మీద టైటిల్ ఇచ్చారు. హాలంతా నవ్వింది. ఆ అక్క గ్రూప్ ఫోటోకి కూడా ఆగకుండా వెళ్ళిపోయింది. ఈసారి అలాంటిది జరగకూడదని బ్యాచ్ అంతా కూర్చుని మాట్లాడుకున్నాం. టైటిల్స్ మానేసి, మేమే జూనియర్లకీ క్లాస్‌మేట్లకీ సార్లకీ మేడమ్‌లకీ ఒక వీలునామా రాసి స్టేజీ మీద చదువుదామని అనుకున్నాం.

ఇప్పటిదాకా రాసినవి కొన్ని: సర్వేయింగ్ ల్యాబ్‌లో ఎంత తిప్పినా బుడగ మధ్యకు రాని డంపీ లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం), సెకండియర్ వాళ్ళకు, ఓపిక నేర్చుకోవడానికి. మిట్టమధ్యాహ్నం ఎండలో రేంజింగ్ రాడ్ (సర్వేలో గుర్తుగా నిలబెట్టే కర్ర) పట్టుకుని కదలకుండా నిలబడే ఉద్యోగం, థర్డియర్‌లో అందరికన్నా పొడుగు కుర్రాడికి. కాలేజీ బస్సులో వర్షం పడితే కారే కిటికీ పక్క సీటు, గొడుగుతో సహా, ఫస్టియర్ వాళ్ళకు.

జూనియర్లకు రాయడం తేలిగ్గానే ఉంది. సార్లకు ఏం రాయాలో తేలడం లేదు. ఎంత పొడవు ఉండాలో కూడా తెలియదు. మీ అనుభవాలు చెప్పండి.

సి_బ్లాక్_మెకానికల్

తమ్ముడూ, మంచి పని చేస్తున్నారు. మాది 2009లో బయటికొచ్చిన బ్యాచ్. మా రూమ్మేట్ వాళ్ళ తాతగారు రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాసేవారు. వాడు చిన్నప్పటి నుంచి ఆ భాష వింటూ పెరిగాడు. అందుకే మాది అచ్చం దస్తావేజులాగే వచ్చింది. గుర్తున్నంత వరకు రాస్తాను, వాడుకోండి.

"బీటెక్ నాలుగో సంవత్సరం మెకానికల్ విద్యార్థులమైన మేము, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా, మా ప్రియమైన జూనియర్ల పేర ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చిన వీలునామా ఏమనగా..."

కింద షెడ్యూలు. "క్లాసురూములో కిటికీ పక్క చివరి బెంచీ ఒకటి. దానికి హద్దులు: తూర్పు, కిటికీ, అవతల వేపచెట్టు. దక్షిణం, పనిచేయని స్విచ్ బోర్డు ఉన్న గోడ. పడమర, సార్ నడిచి వచ్చే దారి. ఉత్తరం, ముందు బెంచీలో టాపర్ వీపు. ఈ నాలుగు హద్దుల మధ్య గల బెంచీని, దాని మీద చెక్కిన పేర్లతో సహా మీకు దఖలు పరిచాం. ఇక మీదట మీరూ, మీ జూనియర్లూ, వాళ్ళ జూనియర్లూ పారంపర్యంగా సుఖాన అనుభవించవలసినది."

ఉత్తరం హద్దు చదవగానే టాపర్ లేచి నిలబడి దండం పెట్టాడు. వాడి వీపు వెనక దాక్కుని నిద్రపోని వాడు మా క్లాసులో లేడు మరి!

ఇంకో మాట. నిజంగా చేతికిచ్చే వస్తువు ఒకటైనా ఉండేలా చూడండి. మేం మినీ డ్రాఫ్టర్, అంటే డ్రాయింగ్ బోర్డు మీద గీతలు గీసే పరికరం, ఇచ్చాం. ఫస్టియర్ డ్రాయింగ్ అయ్యాక దాంతో మనకు పనుండదు, కొనాలంటే ఫస్టియర్ వాడికి ఖర్చు. మాకూ అది సీనియర్ల నుంచే వచ్చింది. స్క్రూ వదులైతే గీత పక్కకు జారుతుంది. ఆ లోపం దాచకుండా రాశాం: "సమాంతర రేఖలు ఒక్కోసారి కలుసుకొనును, భయపడవద్దు." నోట్సు మాత్రం రాసివ్వకండి. మాది ఆర్05 అనే యూనివర్సిటీ రెగ్యులేషన్, జూనియర్లది ఆర్07. రెగ్యులేషన్ మారితే సిలబస్ మారుతుంది, సగం నోట్సు పనికిరాదు.

ఎముకల_పెట్టె

మెడికోల్లో ఇది వీలునామా అనే పేరు లేకుండానే ఏటా జరుగుతుంది. ఫస్టియర్ అనాటమీకి బోన్ సెట్ కావాలి. చాలామంది సీనియర్ల దగ్గర తీసుకుంటారు, తర్వాత కిందివాళ్ళకు ఇస్తారు. నాకొచ్చిన పెట్టె మూత లోపలి వైపు అంతకుముందు వాడినవాళ్ళ పేర్లూ, వాళ్ళ బ్యాచ్‌లూ ఉన్నాయి. మొదటివి పెన్నుతో రాసినవి, ఇంకు పాలిపోయింది. తర్వాతివి మార్కర్‌తో. ఒకాయన పేరు కింద "వైవాలో వణక్కు, నేను వణికి పాసయ్యాను" అని ఉంది. ఆయనెవరో నాకు తెలియదు. వైవా (నోటి పరీక్ష) ముందు రాత్రి ఆ ఒక్క లైను చాలా ధైర్యమిచ్చింది.

మణికట్టు ఎముకల్లో పిసిఫారం అని బఠాణీ గింజంత ఉంటుంది. మా సెట్లో అది ఎప్పుడో పోయింది. ఫేర్‌వెల్‌లో మేం ఇలా రాశాం: "పెట్టెలో ఉన్నవన్నీ మా జూనియర్‌కు. లేని పిసిఫారం, అది ఏ మంచం కింద దొరికితే ఆ మంచం వారికి."

ఒక్క విషయంలో గట్టిగా ఉన్నాం. పెట్టె మీదా, మా బద్ధకం మీదా ఎన్ని జోకులైనా వేసుకున్నాం. ఎముకల మీద ఒక్కటీ వేయలేదు. అవి ఒకప్పుడు ఒక మనిషివి.

మా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సార్‌కు: "సార్, మీ వైవాలో నాలిక చివరిదాకా వచ్చి మేం మింగేసిన జవాబులన్నీ మీకే. అవన్నీ కరెక్టే సార్, నమ్మండి." ఎప్పుడూ నవ్వని మనిషి, ఆ రోజు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

డాలస్_నాన్న

మేం టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడి హైస్కూళ్ళలో ఇది చాలా పాత అలవాటు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల నాటి ఇయర్‌బుక్కులు తిరగేస్తే, క్లాసు వీలునామా ఒక పేజీ, ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరు ఏమవుతారో చెప్పే క్లాసు జోస్యం ఇంకో పేజీ కనిపిస్తాయి. ఇప్పుడు స్కూలంతటికీ కలిపి రాసేకన్నా బ్యాండు, నాటకం, ఈత, స్కూలు పత్రిక, ఇలా ఏ జట్టుకు ఆ జట్టు సీనియర్లు రాసుకోవడం ఎక్కువ చూస్తాం.

మా అమ్మాయి మార్చింగ్ బ్యాండులో సాక్సోఫోన్ వాయించేది. ఏడాది చివర డిన్నర్‌లో సీనియర్లు ఒక్కొక్కరూ లేచి చదివారు. ఒక ప్లాస్టిక్ బాతు బొమ్మ ఏటా చేతులు మారుతుంది, దాని పొట్ట మీద అందరి పేర్లూ మార్కర్‌తో ఉన్నాయి. మా అమ్మాయి ఆ బాతును తొమ్మిదో క్లాసు పిల్లకు ఇచ్చింది. ఎందుకో కూడా చెప్పింది: మొదటి ప్రాక్టీసులో ఆ పిల్ల లైను తప్పి వేరే జట్టులోకి నడిచి వెళ్ళి, అక్కడ కూడా ఆగకుండా వాయించిందట. నవ్వుతూనే ఆ పిల్ల ధైర్యాన్ని అందరి ముందు మెచ్చుకున్నట్టయింది. నాకు బాగా నచ్చింది ఇదే. ఏం ఇస్తున్నామో చెప్పి వదిలేయకుండా, ఆ మనిషికే ఎందుకిస్తున్నామో ఒక్క వాక్యం చెబితే అది మరొకరికి అతకదు.

పొడవు గురించి అడిగారు కదా. అక్కడ మనిషికి మూడు వాక్యాలే అని నియమం. బ్యాండు డైరెక్టర్ ముందే అన్నీ చదివి చూశారు. అది చాలా అవసరం.

కెమిస్ట్రీ_మేడమ్

నేను లెక్చరర్‌ని, సార్లకు ఏం రాయాలన్నదానికి నేను చెబుతాను. బెల్లు కొట్టాక "ఇంకొక్క నిమిషం" అనడం నా అలవాటు. ఒక బ్యాచ్ పిల్లలు నాకిలా రాశారు: "మూడేళ్ళలో మేడమ్ మా దగ్గర తీసుకున్న ఇంకొక్క నిమిషాలన్నీ కూడి, బదులుగా ఒక పూర్తి ఆదివారం మేడమ్‌కు రాసిస్తున్నాం. ఆ రోజు పేపర్లు దిద్దరాదు." ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పిల్లలు నన్ను ఎంత గమనించారో, నా ఆదివారాలు ఎలా పోతాయో వాళ్ళకు ఎంత తెలుసో అందులో ఉంది.

అదే ఏడాది వేరే సెక్షన్ వాళ్ళు మా సహోద్యోగికి ఆయన యాస మీద రాశారు. ఆయన స్టేజీ మీద నవ్వారు, తర్వాత స్టాఫ్‌రూములో చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. కాబట్టి బాబూ, క్లాసులో అందరికీ తెలిసిన అలవాటు మీద రాయండి. శరీరం, యాస, కులం, ఇల్లు, జీతం, వీటి జోలికి వెళ్ళకండి. ప్రేమ వ్యవహారాలు కూడా వద్దు. స్టేజీ కింద తల్లిదండ్రులుంటారు.

ఇంకొకటి, సార్ల దగ్గరే ఆగిపోకండి. మా ల్యాబ్ అటెండర్‌కు ఒక బ్యాచ్ "మేం పగలగొట్టకుండా మిగిల్చిన పిపెట్లన్నీ" రాసిచ్చింది. స్టేజీ మీదకు ఆయన్ను పిలవడం అదే మొదటిసారి. వాచ్‌మన్, బస్సు డ్రైవర్, క్యాంటీన్ ఆయన, గదులు ఊడ్చే అమ్మ, వీళ్ళ పేర్లు తప్పకుండా రాయండి.

అనంతపురం_పిల్ల

మేం కూడా ఇదే అనుకున్నాం కానీ మా అమ్మ "చదువు పూర్తయి బయటికెళ్ళే రోజు వీలునామా ఏంటే, అశుభం" అంది. సగంమంది ఇళ్ళలో ఇదే గొడవ. ఏం చేయమంటారు?

ఓరుగల్లు_వకీలు

మీ అమ్మగారన్నదాంట్లో న్యాయముంది చెల్లీ. వీలునామా రాసినవారు పోయాకే అమల్లోకి వస్తుంది. దానపత్రం రాయండి. అది మనం ఉండగానే ఇచ్చేది, మంగళకరంగానూ ఉంటుంది.

ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం దానం చెల్లాలంటే పుచ్చుకునేవాళ్ళు దాన్ని అంగీకరించాలి, అదీ ఇచ్చేవాళ్ళు బతికుండగానే. అంగీకారం లేకపోతే దానమే లేదు. మీరూ అలాగే పెట్టుకోండి. ఒక్కొక్కటి చదవగానే "అంగీకరిస్తున్నారా?" అని అడగండి. ఇష్టమైతే వచ్చి సంతకం పెడతారు, లేకపోతే "వద్దు" అంటారు. వద్దన్నది రద్దు, దాని మీద ఇంకో మాట లేదు. పోయినేడు ఆ అమ్మాయికి లేని అవకాశం ఇదే.

వీలునామాగానే ఉంచుకుంటామంటే, 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులు కావాలి. స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి సరదా కోసం స్టాంపు పేపర్ కొనకండి. కాగితం మీద మూడు సింహాల గుర్తు వేయకండి, ప్రిన్సిపాల్ సంతకం మీరే పెట్టకండి. సాక్షులుగా క్యాంటీన్ ఆయన్నీ వాచ్‌మన్‌నీ పిలవండి, మిమ్మల్ని వాళ్ళకన్నా ఎక్కువ చూసిన వాళ్ళెవరున్నారు?

పాత_పుస్తకాల_పిచ్చి

చిన్న చేర్పు. నాలుగో శతాబ్దం నాటి లాటిన్‌లో ఒక పందిపిల్ల రాసిన వీలునామా ఉంది. వంటవాడు కోయబోతుంటే కాస్త గడువడిగి, వెంట్రుకలు చెప్పులు కుట్టేవాళ్ళకూ, చెవులు చెవిటివాళ్ళకూ, నాలుక వకీళ్ళకూ రాసిస్తుంది. బడిపిల్లలు దాన్ని చదివి పడీ పడీ నవ్వుతారని అప్పటి క్రైస్తవ పండితుడు జెరోమ్ రాశాడు. అప్పటి పిల్లలకూ ఇది ఇంత ఇష్టమన్నమాట!

ఓరుగల్లు_వకీలు

నాలుక మాకు రాసిందా! ఆ దానం నేను అంగీకరిస్తున్నాను, ఇద్దరు సాక్షుల్ని తెచ్చుకుంటాను.

ఫైనలియర్_సివిల్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ క్లాసులో ఇదంతా చదివి వినిపించాను. దానపత్రమే ఖాయం చేశాం, అంగీకారం సంతకాలతో. మనిషికి మూడు వాక్యాలు. మా హెచ్‌ఓడీ సార్, కాంక్రీట్ దిమ్మను నీళ్ళలో నానబెట్టి (దాన్నే క్యూరింగ్ అంటారు) బలం చూసే క్యూబ్ టెస్ట్ అప్పుడు ఇరవై ఎనిమిది రోజులు ఆగాల్సిందేనని పదే పదే చెబుతారు. ఆయనకు ఇలా రాశాం: "సార్, నాలుగేళ్ళ క్యూరింగ్ పూర్తయింది. మా బలం ఎంతో పరీక్షించే హక్కు మీకే ఇస్తున్నాం, ఎప్పుడైనా ఫోన్ చేయండి." మేడమ్ గారూ, ఇది బాగుందా? ముందే ఎవరికి చూపించాలి? అందరికీ చూపిస్తే సర్‌ప్రైజ్ పోతుంది కదా.

కెమిస్ట్రీ_మేడమ్

చాలా బాగుంది నాన్నా. ఒక్కొక్కరిదీ వాళ్ళ దగ్గరి స్నేహితుల్లో ఒకరికి ముందు చూపించు. వాళ్ళ మొహం మారితే ఆ లైను తీసేయ్, ఎందుకని అడగకు. సార్లవి మీ క్లాస్ టీచర్‌కు చూపించు.

సి_బ్లాక్_మెకానికల్

చదివేవాణ్ణి కూడా చూసుకో తమ్ముడూ. బాగా మాట్లాడేవాడి కన్నా నెమ్మదిగా చదివేవాడు కావాలి. "ఏమనగా" దగ్గర ఆగాలి, హద్దులు ఒక్కొక్కటీ విడివిడిగా చదవాలి. హాల్లో మైకు ముందురోజే చూసుకోండి. ఎవరి పేర రాసిన చీటీ వాళ్ళ చేతికి ఇవ్వడం మాత్రం మరిచిపోకండి.