మేకల్లో నట్టలకు (కడుపులో పురుగులకు) తుమ్మ ఆకు, సుబాబుల్ మేపితే నిజంగా పని చేస్తుందా?

ప్రశ్న (దేవరకొండ మేకలు)

అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లా దేవరకొండ వైపు. 38 నాటు మేకలు ఉండేవి, ఇప్పుడు 37. నిరుటి దాకా మా నాయన గుట్టల వెంబడి తిప్పి మేపేవాడు. మోకాళ్లు సహకరించక ఆపేశాడు, అందుకని ఈ వానాకాలం నుంచి నేను చెరువు కింద మా ఎకరంలో గడ్డి పెంచి అందులోనే తిప్పుతున్నాను. శ్రావణం వచ్చేసరికి మేకలు నీరసపడ్డాయి, వెంట్రుకల మెరుపు పోయింది, నాలుగడుగులు వేస్తే మంద వెనకాల నిలబడిపోతున్నాయి. రెండింటికి దవడ కింద మెత్తగా నీటి సంచిలా దిగింది, పొద్దున కాస్త తగ్గి సాయంత్రానికి మళ్లీ పెరుగుతుంది. అందులో ఒకటి పోయిన వారం చచ్చిపోయింది. ఈని 20 రోజులే అయింది, దాని రెండు పిల్లలకు ఇప్పుడు సీసాతో పాలు పడుతున్నాను.

షాపులో ఇచ్చిన నట్టల మందు నెలకోసారి చొప్పున మూడుసార్లు తాగించాను, మూడుసార్లూ అదే మందు. మొదటిసారి తేరుకున్నాయి, మూడోసారి ఏ తేడా లేదు. పెంటికల మీద అన్నం మెతుకుల్లాంటివి కనిపిస్తున్నాయి, అవి చూస్తే ఇంకా టెన్షన్. నాయన మాత్రం "గుట్ట మీద తుమ్మ, చండ్ర మేసినన్నాళ్లు మందు సీసా ఎరగం, వగరు పడితే కడుపులో పురుగు ఉండదు" అంటాడు. ఇందులో నిజమెంత? ఏ ఆకు, ఎంత పెట్టాలి? తుమ్మచెక్క కషాయం తాగించమని ఒకాయన చెప్పాడు, అది చేయొచ్చా?

జవాబు 1 (మార్కాపురం మంద)

తమ్ముడూ, మీ నాయన మాట తీసేయకు. నేను 22 ఏళ్లుగా మేపుతున్నాను. మేక తల పైకెత్తి తినే జీవం, నువ్వు దాన్ని తల దించి తినే చోటికి తీసుకెళ్లావు. పురుగు పిల్లలు ఉండేది తడి గడ్డి మొదట్లో, తుమ్మ కొమ్మ మీద కాదు. సగం జబ్బు అక్కడే పట్టింది.

నేను చేసేది చెప్తాను. వానలు మొదలైన దగ్గర్నుంచి కార్తీకం దాకా రోజూ సాయంత్రం దోటితో నల్లతుమ్మ, రేగు, జమ్మి మండలు కోసి దొడ్లో తాడుకి కడతాను, మేక ముందు కాళ్లు ఎత్తి అందుకునేంత ఎత్తులో. నేల మీద పడేస్తే తొక్కి, వాటి మీదే పెంటికలు వేసి, మళ్లీ అదే తింటాయి, అది వద్దు. ఎండాకాలంలో రాలిన తుమ్మకాయలు ఏరి ఎండబెట్టి బస్తాలకెత్తి పెట్టుకుంటాను. రాత్రి నెమరేస్తూ గింజలు ఉమ్మేస్తాయి చూడు, పొద్దున దొడ్డి ఊడిస్తే చేటెడు గింజలు వస్తాయి, మా పిల్లలు అవి పోగేసి ఆడుకుంటారు. కాయలు మాత్రం మేకకు రెండు గుప్పిళ్లకి మించి పెట్టను, ఒక ఏడు ఎక్కువ పెడితే మలబద్ధకం చేసి మేత మానేశాయి. సర్కారు తుమ్మకాయ ఇంకా ప్రమాదం, తీపి ఎక్కువ, పొట్ట పులిసిపోతుంది.

కానీ దవడ కింద నీరు దిగిన మేకని ఆకు కాపాడదు. దానికి మందే. ఇది నేను రెండు మేకల్ని పోగొట్టుకుని నేర్చుకున్నది.

జవాబు 2 (పశువైద్యం చదివినవాణ్ణి)

పైన అన్న చెప్పింది నూటికి తొంభై పాళ్లు సరైనది, మిగతాది నేను కలుపుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదట ఆ మెతుకుల సంగతి. అవి బద్దె పురుగు ముక్కలు. చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి గానీ పెద్ద మేకని అవి చంపవు. మీ మేకని చంపింది పెంటికల్లో కంటికి కనపడని హీమాంకస్ అనే నట్ట అయ్యుండాలి. వెంట్రుకంత సన్నగా అంగుళం అటూ ఇటూగా ఉంటుంది, నాలుగో పొట్ట గోడని పట్టుకుని రక్తం తాగుతుంది. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు పీలుస్తుంది, వెయ్యి ఉంటే 50 మిల్లీలీటర్లు, 20 కిలోల మేక ఒంట్లో ఉండే మొత్తం రక్తమే లీటరున్నర లోపు. అందుకే పారుడు లేకుండానే మేక పాలిపోయి దవడ కింద నీరు దిగుతుంది. ఆడ పురుగు రోజుకు 5,000 పైన గుడ్లు పెడుతుంది. వానాకాలం వేడికి, తడికి వారంలోనే అవి అంటుకునే పిల్లలై మంచు తడిలో గడ్డి మీదకి పాకుతాయి, అదీ ఎక్కువగా బెత్తెడు ఎత్తులోపే.

ఇక వగరు. తుమ్మ ఆకు నమిలితే నాలుక పట్టేసినట్టు అవుతుంది కదా, అది టానిన్ అనే వగరు పదార్థం మీ లాలాజలంలోని ప్రోటీన్‌ని పట్టుకోవడం. తుమ్మచెక్క, తంగేడు చెక్కతో తోలు శుద్ధి చేసేదీ ఈ గుణంతోనే. మేక కడుపులో ఇది రెండు రకాలుగా పని చేస్తుంది. ఒకటి, పురుగు పిల్లలు కుదురుకోవడాన్ని, ఆడ పురుగు గుడ్లు పెట్టడాన్ని తగ్గిస్తుంది. రెండు, మేతలోని ప్రోటీన్ పెద్ద పొట్టలో విరిగిపోకుండా కాపాడి ముందుకు పంపిస్తుంది, దాంతో మేక ఒంట్లో తట్టుకునే శక్తి పెరుగుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సెరిషియా లెస్పెడిజా అనే టానిన్ మేతని మేకలకి ఇందుకే పెడతారు. మన దగ్గర బరేలీలోని ఐవీఆర్‌ఐలో (భారత పశువైద్య పరిశోధన సంస్థ) జువ్వి ఆకు, జామ ఆకు ఎండబెట్టి కలిపి పెట్టి చూశారు. మీకు గుట్ట దగ్గరుంది, కొనాల్సింది ఏమీ లేదు.

మోతాదు: మొత్తం మేతలో పావు వంతు దాటొద్దు. 20 కిలోల మేకకి పచ్చి ఆకు అరకిలో పైచిలుకు చాలు. ఎక్కువైతే మేత తినడం తగ్గి చిక్కిపోతాయి, అసలే రక్తం లేనివి ఇంకా దిగజారతాయి. ఆకుతో పాటు గుప్పెడు వేరుశనగ చెక్క గానీ ఉలవలు గానీ పడితే మంచిది. తుమ్మచెక్క కషాయం వద్దు. అందులో టానిన్ ఎంత చిక్కగా దిగిందో కొలిచే దారి మీ దగ్గర లేదు, లివర్, కిడ్నీ దెబ్బతింటాయి.

మందు గురించి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే కుటుంబం, సీసా మీద పేరు మారినా పురుగుకి తేడా తెలియదు. పైగా గొర్రె డోసు మేకకి సరిపోదు, మేక లివర్ ఆ మందుని త్వరగా విరిచేస్తుంది. తక్కువ డోసు పదే పదే పడితే చావని పురుగులే మిగిలి సంతానం పెంచుకుంటాయి. ఏ కుటుంబం మందు, ఎంత అనేది మేకని తూకం వేసి డాక్టర్ చేత రాయించుకోండి. లెవామిసోల్ అనే ఇంకో నట్టల మందు అయితే సొంతంగా డోసు అసలు పెంచకండి, విషమవుతుంది. చూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు.

అన్నింటికీ ఒకేసారి తాగించకండి. పట్టపగలు వెలుగులో పై రెప్పని మెల్లగా నొక్కి కింది రెప్పని లాగి లోపలి పొర చూడండి. దానిమ్మ గింజ రంగులో ఉంటే వదిలేయండి, లేత గులాబీ, తెలుపు అయితే మందు పట్టండి. దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా కార్డులో ఇలాంటివే ఐదు రంగులుంటాయి. ఎర్రగా ఉన్నవాటికి మందు పోయకపోతే మందుకి లొంగే పురుగులు కూడా మందలో మిగులుతాయి, మందుకి లొంగనివే నిండిపోవు కాబట్టి అది మనకి మంచిదే.

జవాబు 3 (కంభం నుంచి)

సుబాబుల్ ఒక్కటే నెలల తరబడి పెట్టకండన్నా. అందులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, మా పిల్ల మేకలకి వీపు మీద జుట్టు రాలిపోయింది. పావు వంతుకి తగ్గించి రేగు మండలు కలిపాక మళ్లీ వచ్చింది.

దేవరకొండ మేకలు

అందరికీ దండాలు. ఇవాళ పొద్దున నాయన మేక తల పట్టుకుంటే నేను రెప్పలు చూసుకుంటూ పోయాను. 37లో 9 పాలిపోయి ఉన్నాయి, అందులో మూడు కాగితంలా తెల్లగా. తొమ్మిదిలో ఆరు పాలిచ్చే తల్లులే. వాటి కొమ్ములకి సున్నం పూసి గుర్తు పెట్టాను. ఎకరంలో తిప్పడం ఆపేశాను, ఆ గడ్డి కోసి బర్రెలకి వేస్తున్నాను. సాయంత్రం తుమ్మ మండలు కడితే ఒక్క మేక కూడా గడ్డి వైపు చూడలేదు, నాయన అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. రేపు పేడ పరీక్షకి తీసుకెళ్దామనుకుంటున్నాను, ఎలా తేవాలి?

పశువైద్యం చదివినవాణ్ణి

నేల మీద పడింది ఏరకండి, మేక వేస్తున్నప్పుడే నేరుగా కవర్లో పట్టండి. మేకకో కవరు, దాని మీద గుర్తు. పాలిపోయిన వాటిలో ఐదు, ఎర్రగా ఉన్నవాటిలో ఐదు. ఎండ తగలనీయకుండా అదే రోజు ఇచ్చేయండి. మందు పోసిన 10 నుంచి 14 రోజుల మధ్య పాలిపోయిన వాటివే మళ్లీ తీసుకెళ్లండి, గుడ్ల లెక్క పడిపోతేనే ఆ మందు మీ మందలో పని చేస్తున్నట్టు. ఆ మూడింటికి మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగకండి, రేపే డాక్టర్‌కి చూపించండి.