లాగిన్ కాగానే తెరుచుకునే యాప్‌లు: అన్నింటినీ ఆపేయాలా, ఒక్కొక్కటీ చూసి ఆపాలా?

డీటీపీ, గవర్నర్‌పేట:
విజయవాడ గవర్నర్‌పేటలో మాకొక చిన్న డీటీపీ సెంటరు ఉంది. విండోస్ 11 ఉన్న కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే ఒక చాటింగ్ యాప్, ఒక పాటల యాప్, ఎప్పుడో వేసుకున్న ఉచిత పీడీఎఫ్ మార్పిడి ప్రోగ్రామ్ వాటంతట అవే తెరుచుకుంటున్నాయి. ఇవి చాలవన్నట్టు బ్రౌజర్‌లో ఎవరూ అడగని ప్రకటనల పేజీ ఒకటి వస్తోంది. పెళ్లి పత్రిక ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చినవారు పక్కన కూర్చుని ఉండగా ఈ కిటికీలన్నీ మూసుకుంటూ ఉండటం ఇబ్బందిగా ఉంది. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో (లాగిన్ కాగానే మొదలయ్యేవాటి జాబితాలో) కనిపించేవన్నీ ఆపేయమని మా బావమరిది అంటున్నాడు. రిపేరు చేసే అబ్బాయి ఫార్మాట్ కొట్టడమే మార్గమంటున్నాడు. అనుభవం ఉన్నవారు ఏది సరైనదో చెప్పగలరు.

హార్డ్‌వేర్ సర్వీసు, బెంజ్ సర్కిల్:
మీ బావమరిది గారి మాటే సరైనది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ అనే విభాగంలో ఉన్నవాటన్నిటినీ డిసేబుల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. డిసేబుల్ చేసినంత మాత్రాన ప్రోగ్రామ్ చెరిగిపోదు, కావాలనుకున్నప్పుడు మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీ గుర్తును ఆపినా గడియారం పక్కన ఆ చిన్న బొమ్మ కనిపించదంతే, వైరస్ రక్షణ సర్వీసుగా వెనుక నడుస్తూనే ఉంటుంది. ఏది లేక పని ఆగితే దానిని మళ్లీ పెట్టుకోవడం, లేనిపోని వాటిని ఒక్కొక్కటీ పరిశోధించడం కంటే తేలిక. ఫార్మాట్ మాత్రం ఇప్పుడే వద్దు.

అకౌంట్స్, గుంటూరు:
నేను దీనితో ఏకీభవించలేను. ఇంట్లో సినిమాలు చూసే కంప్యూటర్‌కు ఆ సలహా సరిపోతుందేమో గాని, పని జరిగే కంప్యూటర్‌కు సరిపోదు. మేము మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారుల లెక్కలు చూస్తాము. జీఎస్టీ రిటర్నుపై డిజిటల్ సంతకం పెట్టాలంటే ఆ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌కు సంబంధించిన ప్రోగ్రామ్, దానితో పాటు సంతకాన్ని పోర్టల్‌కు అందించే ఎమ్‌సైనర్ అనే ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి. అవి నడవకపోతే పోర్టల్ సంతకాన్ని గుర్తించదు, కారణం మాత్రం తెర మీద స్పష్టంగా చెప్పదు. గడువు తేదీ సాయంత్రం ఆ కారణాన్ని వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. గవర్నర్‌పేట వారి సంగతే తీసుకోండి. తెలుగు టైపింగుకు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్‌ను స్టార్టప్‌లో పెట్టుకుని ఉంటే, అన్నింటినీ కలిపి ఆపిన మర్నాడు టైపు చేసే వ్యక్తి తెలుగు అక్షరం పడక కీబోర్డు పాడైందనుకుంటారు. మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో ఫైళ్లు దాచుకునేవారికి ఇంకా నష్టం, ఎందుకంటే దానిని ఎవరో ఒకరు తెరిచేదాకా కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు, వెళ్లడం లేదని ఎవరూ గమనించరు. పని ఆగినప్పుడు తెలుస్తుందన్నారు కాని, ఆగినట్టు కనిపించకుండా ఆగే పనులు కూడా ఉంటాయి.

కంప్యూటర్స్ లెక్చరర్, బ్రాడీపేట:
ఏ యాప్‌ను ఆపాలన్న ప్రశ్న కంటే ముందు, అది ఎక్కడి నుంచి లేస్తోందన్న ప్రశ్న వేసుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. అది తెలియకుండా అన్నింటినీ ఆపినా, కొన్నింటినే ఆపినా ఫలితం ఒక్కటే, రెండు వారాలు పోయాక అదే ప్రకటన మళ్లీ ఎదురవుతుంది.

విండోస్‌లో లాగిన్ సమయాన ప్రోగ్రామ్‌ను లేపే చోట్లు చాలా ఉన్నాయి. స్టార్టప్ ఫోల్డరు ఒకటి. విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో షెల్, కోలన్, స్టార్టప్ అని ఇంగ్లిషులో కలిపి కొడితే అది తెరుచుకుంటుంది. విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో రన్ అనే కీ (అంటే ఒక విభాగం) ఆ వినియోగదారుడికి ఒకటి, కంప్యూటర్ మొత్తానికి మరొకటి ఉంటాయి. టాస్క్ మేనేజర్ ప్రధానంగా ఈ చోట్లనూ, స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లనూ చూపుతుంది. చెప్పిన సమయానికి ప్రోగ్రామ్‌లను నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో లాగాన్ (అంటే లాగిన్) సమయానికి పెట్టిన పనులు, తెర వెనుక నడిచే సర్వీసులు ఆ జాబితాలోకి రావు. కాబట్టి అందులో ఉన్నవన్నీ ఆపేశాము, ఇక ఏదీ తెరుచుకోదు అనుకోవడానికి వీలులేదు.

పైగా, ఆ చాటింగ్ యాప్ స్టార్టప్‌లో లేకుండానే తెరుచుకుంటూ ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద సైన్ ఇన్ ఆప్షన్స్‌లోకి వెళితే, కంప్యూటర్ ఆపేటప్పుడు తెరిచి ఉన్న యాప్‌లను గుర్తుపెట్టుకుని మళ్లీ లాగిన్ అయినప్పుడు తెరిచే స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే టాస్క్ మేనేజర్‌లో ఎంత వెతికినా కారణం దొరకదు. ఈ స్విచ్ సంగతి తెలియక మంచి కంప్యూటర్లకు ఫార్మాట్ కొట్టిస్తున్నారన్నదే నన్ను ఎక్కువగా బాధించే విషయం.

ఇక ప్రకటనల పేజీ. దీనిని మిగిలిన మూడింటితో కలపకూడదు. ముందు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో, ప్రారంభంలో ఏ పేజీలు తెరవాలో చెప్పే చోట ఆ చిరునామా ఉందేమో చూడండి. లేకపోతే టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితా పైవరుస మీద రైట్ క్లిక్ చేసి కమాండ్ లైన్ అనే నిలువు వరుసను తెప్పించండి. పేరు బ్రౌజర్‌దే ఉంటుంది, ప్రచురణకర్త పేరు కూడా సక్రమంగానే ఉంటుంది, కాని కమాండ్ చివర ఒక వెబ్ చిరునామా తగిలించి ఉంటుంది. పేరు చూసి మంచిదనుకుని వదిలేసేవారు దీనిని ఎప్పటికీ పట్టుకోలేరు. అక్కడ కూడా లేకపోతే టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ తెరిచి, పని ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్స్ కింద లాగాన్ అని ఉన్న ప్రతి పనినీ ఎంచుకుని, యాక్షన్స్‌లో ఏ ఫైలును నడుపుతోందో చదవండి.

హార్డ్‌వేర్ సర్వీసు, బెంజ్ సర్కిల్:
లెక్చరర్ గారు చెప్పినది శాస్త్రీయంగా సరైనదే. అయితే మా దగ్గరికి కంప్యూటర్ తెచ్చేవారు ఉదయం ఇచ్చి మధ్యాహ్నానికి కావాలంటారు. వారికి రన్ కీ గురించి వివరించే సమయం మాకుండదు, వినే ఓపిక వారికుండదు. అన్నీ ఆపి ఒక్కొక్కటీ తిరిగి పెట్టే పద్ధతి మేము కనిపెట్టింది కాదు. మైక్రోసాఫ్ట్ వారే క్లీన్ బూట్ అనే పేరుతో దానినే సూచిస్తున్నారు కదా?

కంప్యూటర్స్ లెక్చరర్, బ్రాడీపేట:
సూచిస్తున్న మాట నిజమే. అయితే క్లీన్ బూట్ కారణం కనుక్కోవడానికి తాత్కాలికంగా చేసే పరీక్ష, కారణం దొరికాక కంప్యూటర్‌ను మామూలు స్థితికి తేవాలి. జ్వరం వచ్చినవాడికి అన్నం మాన్పించడం లాంటిదది, తగ్గాక పెట్టాలి. అందులో కూడా సర్వీసులను ఆపే ముందు మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచే గడిలో టిక్కు పెట్టమని చెబుతారు. ఆ టిక్కు మరిచి అన్నీ ఆపేస్తే నెట్‌వర్కు సహా కంప్యూటర్‌కు అవసరమైనవి కూడా ఆగిపోవచ్చు.

సమయం లేదన్నారు కాబట్టి చెబుతున్నాను, ఆటోరన్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దానిని తయారుచేసిన సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో కొనుక్కుంది, నేటికీ వారి సైటు నుంచే దింపుకోవచ్చు. రిజిస్ట్రీ, షెడ్యూలర్, సర్వీసులు, స్టార్టప్ ఫోల్డర్లు అన్నీ ఒకే కిటికీలో చూపుతుంది. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమంటే బయటి కంపెనీలవి మాత్రమే మిగులుతాయి. పసుపు రంగు వరుస ఉంటే అసలు ఫైలు లేదని అర్థం. గులాబీ రంగు వరుసకు సరైన డిజిటల్ సంతకం లేదు, చెడ్డదని అప్పుడే తీర్మానించనక్కరలేదు గాని ముందు దానినే చూడాలి. ఏ వరుసనూ డిలీట్ చేయకుండా టిక్కు తీసేసి రెండు రోజులు వేచి చూడటం మంచిది.

డీటీపీ, గవర్నర్‌పేట:
అందరికీ ధన్యవాదాలు. చెప్పిన వరుసలోనే చూశాను. పాటల యాప్ స్టార్టప్ జాబితాలో ఉంది, దానిని డిసేబుల్ చేశాను. చాటింగ్ యాప్ ఆ జాబితాలో లేదు, సైన్ ఇన్ ఆప్షన్స్‌లోని స్విచ్ ఆపగానే రావడం మానేసింది. ప్రకటనల పేజీ షెడ్యూలర్‌లో దొరికింది. పని పేరులో అప్‌డేట్ అని ఉంది, ట్రిగ్గర్ లాగాన్, నడుపుతున్నది మాత్రం ఆ పీడీఎఫ్ ప్రోగ్రామ్ ఫోల్డరులోని ఫైలు. ఆ ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా షెడ్యూలర్‌లో పని అలాగే మిగిలి ఉంటే దానిని విడిగా తీసేశాను. అను స్క్రిప్ట్ మేనేజర్‌ను కదపలేదు. నా సందేహం ఒక్కటే. మా దగ్గర పనిచేసే ఇద్దరికీ అడ్మిన్ హక్కులు లేని అకౌంట్లు ఇస్తే ఇటువంటివి మళ్లీ చేరకుండా ఉంటాయా?

అకౌంట్స్, గుంటూరు:
మా ఆఫీసులో అలాగే ఇచ్చాము. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్‌లు కొత్తగా చేరడం ఆగింది, అది చాలా మేలు.

కంప్యూటర్స్ లెక్చరర్, బ్రాడీపేట:
తప్పకుండా ఇవ్వండి, కాని దానితో పూర్తిగా ఆగదు. ప్రతి వినియోగదారుడికీ సొంత రన్ కీ, సొంత స్టార్టప్ ఫోల్డరు ఉంటాయి. వాటిలో రాయడానికి అడ్మిన్ హక్కు అక్కరలేదు, అందుకే కొన్ని ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్ అడగకుండానే ఆ ఒక్క అకౌంటులో కూర్చుంటాయి. మీరు అడ్మిన్‌గా లాగిన్ అయి టాస్క్ మేనేజర్ చూస్తే వారి అకౌంటులో చేరినవి మీకు కనిపించవు. కాబట్టి ఆ ఇద్దరి లాగిన్‌లోకి వెళ్లి విడివిడిగా చూడవలసి ఉంటుంది.